హాస్టల్లో ఫ్లూ: అమ్మాయిని ఇంటికి తెచ్చుకోవాలా, అక్కడే ఉంచాలా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, ఇదే టెన్షన్‌లో ఉన్న మిగతా తల్లిదండ్రులకూ పనికొస్తుందని. మీ అమ్మాయి విజయవాడ పక్కన పోరంకి దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్. వారం నుంచి వాళ్ల ఫ్లోర్‌లో ఒకరి తర్వాత ఒకరు జ్వరం, దగ్గుతో పడుతున్నారు. నిన్న సాయంత్రం మీ అమ్మాయికీ 102 వచ్చింది. 'వాతావరణం మారింది కదండీ, అందరికీ ఉంది' అంటున్నారు వార్డెన్. రేపల్లెలో మీ ఇంట్లో మీ అమ్మగారు ఉన్నారు, 71 ఏళ్లు, షుగరు, ఉబ్బసం. అమ్మాయిని తెచ్చుకోవాలా, స్వైన్ ఫ్లూ టెస్టు చేయించాలా, ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పిన యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు జవాబులు చెప్పేస్తాను. నాయనమ్మకు దూరంగా, కిటికీలున్న గది ఒకటి అమ్మాయికి ఇవ్వగలిగితే తెచ్చుకోండి. అలాంటి గది లేకపోతే పెద్దావిడను ఓ వారం బంధువుల ఇంటికి పంపి తెచ్చుకోండి. రెండూ కుదరకపోతే హాస్టల్లోనే ఉంచడం నయం, అయితే అక్కడ సిక్ రూమ్ ఎలా ఉందో మీరు స్వయంగా చూడాలి. ఆయాసం లేనంతవరకు స్వైన్ ఫ్లూ టెస్టు కోసం పరుగెత్తనక్కర్లేదు. యాంటీబయాటిక్ వద్దు.

నేను జిల్లా వైద్యశాఖలో అంటువ్యాధుల నిఘా పని చేసి రిటైరైన డాక్టర్ని. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రాలు ఓపీ చూస్తున్నాను. సర్వీసులో ఉండగా కానూరు, పోరంకి, నిడమానూరు, గూడవల్లి వైపు హాస్టళ్లలో జ్వరాలని కబురొస్తే వెళ్లేవాణ్ణి. వెళ్లగానే అడిగేది సిక్ రిజిస్టరు. పొడుగాటి నోట్‌బుక్కు, పేరు, రూం నంబరు, తేదీ, దాని పక్కన పేజీ నిండా ఒకే మాట: 'ఫీవర్, డోలో ఇచ్చాం'. చూడటానికి అందులో ఏమీ ఉండదు. కానీ తేదీలు, రూం నంబర్లు ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకుంటే జబ్బు ఎటునుంచి వచ్చిందో సగం తెలిసిపోతుంది. ఒకే రాత్రి ముప్పై మందికి వాంతులు, విరేచనాలు అయితే వంటగదికీ నీళ్ల ట్యాంకుకూ వెళ్లాలి. అలా కాకుండా సోమవారం ఇద్దరు, గురువారానికి ఆరుగురు, ఆదివారానికి పదిహేను మంది, వాళ్లూ ఒకే గది వాళ్లో స్టడీ హాల్లో ఒకే వరస వాళ్లో అయితే అది ఊపిరి ద్వారా పాకే జబ్బు. ఫ్లూ ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లి బయటపడటానికి సుమారు మూడు రోజులు పడుతుంది. మీ అమ్మాయి ఫ్లోర్‌లో జరిగిందని మీరు రాసిన వరస సరిగ్గా ఇదే.

అయితే ఒక జాగ్రత్త. వానాకాలం చివర విజయవాడలో డెంగీ కూడా తిరుగుతుంటుంది. జ్వరం ఉండి దగ్గు, గొంతునొప్పి, ముక్కు కారడం లాంటివేమీ లేకుండా, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు విరిచేసినట్టు నొప్పులు, దద్దుర్లు ఉంటే అది వేరే దారి. ఆ అమ్మాయికి రక్తపరీక్ష కావాలి. అంతవరకు పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మాత్రగా గానీ ఇంజక్షన్‌గా గానీ ఇవ్వకూడదు. డెంగీ అయితే వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ అసలే వద్దు. మీ అమ్మాయికి దగ్గు, గొంతు మంట మొదటి రోజే ఉన్నాయన్నారు కాబట్టి ఫ్లూగానే చూద్దాం.

ఇక ఇది పాకే పద్ధతి. దగ్గితే, తుమ్మితే పెద్ద తుంపర్లు పడతాయి, అవి మూడు నాలుగు అడుగుల్లో నేల మీదో బల్ల మీదో పడిపోతాయి. ఇది అందరికీ తెలుసు. తెలియాల్సింది రెండో రకం. మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా కంటికి కనపడని సన్నటి తుంపర వస్తుంది. అది వెంటనే కింద పడదు. మూసిన గదిలో అగరొత్తి వెలిగిస్తే పొగ ముందు దగ్గరున్నవాళ్లకు తగిలి, కాసేపటికి గదంతా ఎలా పరుచుకుంటుందో అలా ఉంటుంది. కిటికీ తెరిస్తే పలచబడుతుంది, మూస్తే పేరుకుంటుంది. గొంతు పెంచితే ఈ తుంపర ఇంకా ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు మన కాలేజీ స్టడీ హాలు గుర్తు చేసుకోండి. ఎనభై మంది, తెల్లవారుజామున మొదలై రాత్రి పది దాకా, అందరూ పైకి చదువుతూ. స్ప్లిట్ ఏసీలు నడుస్తుంటాయి. చల్లదనం పోకుండా కిటికీ సందుల్లో థర్మోకోల్ ముక్కలు కుక్కి పైన టేపు అంటించిన హాళ్లు నేను చూశాను. చాలామందికి తెలియనిదేమిటంటే స్ప్లిట్ ఏసీ బయటి గాలి లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తీసుకుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) చుట్టుపక్కల ఉంటుంది. ఇలాంటి హాల్లో అది తేలిగ్గా 1500, 2000 దాటుతుంది. అంటే అక్కడ పిల్లలు పీలుస్తున్న గాలిలో చెప్పుకోదగ్గ భాగం పక్కవాళ్ల ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందే. మధ్యాహ్నం క్లాసులో కునుకుపాట్లకు కూడా ఇదొక కారణం, ఆ సంగతి లెక్చరర్లు వేరేగా తేల్చుకోవాలి.

గాలి ఆడకపోతే ఏమవుతుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1977లో అమెరికాలోని అలాస్కాలో 54 మంది ఉన్న ఒక విమానం ఇంజన్ చెడిపోయి మూడు గంటలు నేల మీదే ఆగిపోయింది. ఆ సేపు లోపలి గాలి మార్చే ఏర్పాటు పనిచేయలేదు. లోపల ఫ్లూతో ఉన్నది ఒక్కరు. మూడు రోజులు తిరిగేసరికి ప్రయాణికుల్లో 72 శాతం మంది జ్వరం, దగ్గుతో పడ్డారు. ఎక్కువసేపు లోపల కూర్చున్నవాళ్లకే ఎక్కువగా వచ్చింది. హాస్టల్ సంగతికొస్తే, 1978 జనవరిలో ఇంగ్లండ్‌లో ఒక బాలుర బోర్డింగ్ స్కూల్లో 763 మంది ఉంటే రెండు వారాల్లో 512 మంది మంచం పట్టారు. బయట మామూలు జనంలో ఒక ఫ్లూ రోగి సగటున ఒకరికో, మహా అయితే ఇద్దరికో అంటిస్తాడు. అదే వైరస్ కలిసి తిని, కలిసి పడుకుని, ఒకే గాలి పీల్చే చోట ఇలా పాకుతుంది. తప్పు వైరస్‌లో ఎంతుందో గదిలోనూ అంతే ఉంది.

బకెట్లు, మగ్గులు, తలుపు గడియలు పట్టుకుంటే అంటుకోదా అంటే, అంటుకుంటుంది. గట్టి వస్తువుల మీద ఫ్లూ వైరస్ ఒకటి రెండు రోజులు బతకగలదు, చేతుల మీద కొద్ది నిమిషాలే. కాబట్టి చేతులు కడగమనండి. కానీ హాస్టల్లో జ్వరాలనగానే కాలవల పక్కన, మెట్ల మీద బ్లీచింగ్ చల్లించడం ఉందే, అది ఫొటోకు బాగుంటుంది, ఫ్లూకు ఏమీ కాదు. 2020లో మనమంతా పాలప్యాకెట్లు, కూరగాయలు సబ్బుతో కడిగి, తలుపులు బిగించుకుని కూర్చున్నాం. చేయాల్సింది దాదాపు దానికి ఎదురు.

కష్టమంతా ఎప్పుడు అంటుతుంది అన్న దగ్గరుంది. వైరస్ ఒంట్లో చేరాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, సాధారణంగా రెండో రోజున జ్వరం వస్తుంది. కానీ జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే మనిషి అంటిస్తూ ఉంటాడు. మొదటి మూడు నాలుగు రోజులు బాగా ఎక్కువ, తర్వాత తగ్గి వారానికి దాదాపు పోతుంది. చిన్నపిల్లల్లో ఇంకాస్త ఎక్కువ రోజులు. ఇప్పుడు హాస్టల్లో జరిగేది చూడండి. ఉదయం ఒళ్లు వెచ్చబడుతుంది. 'మాత్ర వేసుకుని హాలుకు రా, వీకెండ్ టెస్టుంది' అంటారు. మాత్రతో జ్వరం దిగుతుంది, వైరస్ దిగదు. ఎక్కువగా అంటించే ఆ రెండు రోజులూ ఆ పిల్ల ఎనభై మంది మధ్య కూర్చుంటుంది. మూడో రోజు లేవలేని స్థితిలో సిక్ రూముకు పంపుతారు. అప్పటికి ఆ వరసంతా అయిపోయింది.

వార్డెన్ గారి 'వాతావరణం' మాటలో కొంత నిజం లేకపోలేదు. మన దేశంలో ఫ్లూకు రెండు సీజన్లు: జనవరి నుంచి మార్చి ఒకటి, వానలు తగ్గుముఖం పట్టే రోజులు రెండోది. అయితే వాన కురిస్తే జ్వరం రాదు. వాన కురిస్తే కిటికీలు మూస్తారు. గుంటూరులో మొదటి సీజన్ మిర్చి యార్డు మంచి ఊపులో ఉండే రోజులతో కలుస్తుంది, ఓపీలో సగం దగ్గులు ఘాటువే. ఘాటు దగ్గుకు జ్వరం ఉండదు, అదే తేడా. రెండో సీజన్ దసరాతో కలుస్తుంది. దాని గురించి మళ్లీ చెబుతాను.

స్వైన్ ఫ్లూ అన్న పేరుకే మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. 2009లో కొత్తగా వచ్చిన ఆ హెచ్1ఎన్1, మన దేశంలో మొదట హైదరాబాద్‌లో ఆ ఏడు మేలో బయటపడింది. అప్పుడు చాలామంది ఒంట్లో దానికి పెద్దగా నిరోధక శక్తి లేదు కాబట్టి అంత గొడవైంది. 2010 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మహమ్మారి దశ ముగిసిందని ప్రకటించింది. అప్పటి నుంచి అది మామూలు సీజనల్ ఫ్లూల్లో ఒకటి. పందులతో ఇప్పుడు సంబంధం లేదు. 2023 మార్చిలో దేశమంతా దగ్గించిన హెచ్3ఎన్2 కూడా దీని తోడుదే. ఏది వచ్చినా ఇంట్లో చేయాల్సింది ఒకటే కాబట్టి పేరు తెలుసుకోవడానికి వేలు ఖర్చు పెట్టొద్దు.

కేంద్ర ఆరోగ్యశాఖ పద్ధతి కూడా అలాగే ఉంటుంది. రోగుల్ని 'ఏ', 'బీ', 'సీ' అని మూడు కేటగిరీలు చేస్తారు. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు మాత్రమే ఉంటే 'ఏ' కేటగిరీ: టెస్టు లేదు, వైరస్ మందు లేదు, ఇంట్లో విడిగా ఉండి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూపించుకోవాలి. వాటితో పాటు జ్వరం బాగా ఎక్కువగా ఉండి గొంతు తీవ్రంగా నొప్పిగా ఉన్నా, రోగి గర్భిణి అయినా, 65 దాటినా, షుగరు, గుండె, ఊపిరితిత్తుల, కిడ్నీ జబ్బులున్నా బీ కేటగిరీ. వీళ్లకూ టెస్టు అవసరం లేదు, కానీ ఫ్లూ వైరస్ మందు ఒసెల్టమివిర్ మొదలుపెట్టాలా అన్నది డాక్టరు చూస్తారు. అది మొదటి 48 గంటల్లో వేస్తేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, మత్తుగా పడుండటం, బీపీ పడిపోవడం, కఫంలో రక్తం, గోళ్లు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా సీ కేటగిరీ. అప్పుడు ఆసుపత్రిలో చేర్చి, టెస్టు చేసి, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. మీ అమ్మాయి 102తో 'ఏ'కూ 'బీ'కీ మధ్య ఉంది. ఈరోజే ఒక ఎంబీబీఎస్ డాక్టరుకు చూపించండి, రేపు కాదు.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. 2023లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కూడా ఇదే చెప్పింది, ముఖ్యంగా జనం అజిత్రోమైసిన్ లాంటివి వేసుకుని, కాస్త నయంగా అనిపించగానే మానేస్తున్నారని. మూడో రోజుకు జ్వరం దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం మాత్రకొస్తుంది. ఆర్‌ఎంపీ 'సూది' గురించి కూడా ఒక మాట. సాయంత్రానికి పిల్ల లేచి తిరిగిందంటే చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది. ఫ్లూలో అవసరం లేకుండా స్టెరాయిడ్ ఇస్తే హాని. మంచినీళ్లు, మజ్జిగ తాగగలిగే పిల్లకు గ్లూకోజ్ సీసాలు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు తెచ్చుకునే పద్ధతి. విజయవాడ నుంచి రేపల్లెకు దాదాపు రెండు గంటలు. కారు మాట్లాడుకుంటే ఏసీ ఆపించి నాలుగు అద్దాలూ కొంచెం దించమనండి. అమ్మాయి వెనక సీట్లో మాస్కుతో, మీరూ డ్రైవరూ మాస్కులతో. అద్దాలు బిగించిన ఏసీ కారు కంటే కిటికీలు తెరిచిన ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్సే మీకు మంచిది, కానీ బస్సులో పక్కవాళ్ల సంగతి కూడా చూడాలి కాబట్టి కారే అంటాను.

ఇంట్లో అయిదు రోజులు విడి గది. కిటికీ తెరిచి ఉంచండి, టేబుల్ ఫ్యాను ఉంటే కిటికీ వైపు, గాలి బయటికి పోయేలా తిప్పి పెట్టండి. అన్నం ఒకరే తీసుకెళ్లాలి, మాస్కు పెట్టుకుని. ఆ ఒకరు నాయనమ్మ కాకూడదు. ఇది తేలిక కాదని తెలుసు, మనవరాలికి జ్వరమంటే పెద్దవాళ్లు గుమ్మం బయట కూర్చోరు. జావ కాచి పంపడం వరకు ఆవిడ వంతు, తాగించడం మీ వంతు అని ముందే చెప్పండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ జబ్బు పిల్లలతో పాకి పెద్దవాళ్లను కొడుతుంది. ఆవిడకు ప్రమాదం జ్వరంతో ఆగదు. ఉబ్బసం రేగుతుంది, షుగరు అదుపు తప్పుతుంది. ఫ్లూ తేలిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజుల కన్నా ఆరు రెట్ల దాకా పెరుగుతుందని కెనడాలో చేసిన అధ్యయనంలో తేలింది. ఆవిడకు ఒక్క దగ్గు, కాస్త వెచ్చదనం కనిపించినా మూడు రోజులు చూద్దామనుకోకుండా అదే రోజు ఆవిడ డాక్టరుకు ఫోన్ చేయండి, ఇంట్లో ఫ్లూ కేసుందని చెప్పండి. ఇన్‌హేలర్ నిండుగా ఉందో లేదో ఇవాళే చూడండి. కొవిడ్ నాటి ఆక్సిమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేది) ఉంటే బయటికి తీయండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టాలి, 94 కంటే తగ్గితే ఆసుపత్రి. అమ్మాయి విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం, రంగు కఫం, ఆయాసం మొదలైతే అది ఫ్లూ మీద ఎక్కిన న్యుమోనియా కావచ్చు. యాంటీబయాటిక్ అవసరమయ్యేది అప్పుడు.

కాలేజీ వాళ్లతో గొడవ పెట్టుకోవాలా అని చివర్లో రాశారు. గొడవ వద్దు, కానీ ఊరుకోవద్దు. జ్వరం వచ్చిన పిల్లను ఆ గంటే హాలు నుంచి తప్పించమనండి, అటెండెన్స్ కోత లేకుండా. కోత ఉంటే పిల్లలు జ్వరం దాస్తారు. హాల్లో కిటికీలు తెరిచి, ఏసీ బదులు ఫ్యాన్లు వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నడపమనండి. ఆ ప్రాంతపు పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) కబురు చేశారో లేదో కనుక్కోండి. చేయకపోతే మీరే ఫోన్ చేయొచ్చు, ఆరోగ్య హెల్ప్‌లైన్ 104 కూడా ఉంది. దాస్తే అడ్మిషన్లు నిలుస్తాయని మేనేజ్‌మెంట్లు అనుకుంటాయి. పీహెచ్‌సీకి తెలిస్తే చేసేది కాలేజీ మూయడం కాదు. నలుగురైదుగురి గొంతులోంచి శాంపిల్ తీసి ఏ వైరసో తేల్చుకుంటారు, ఆ చుట్టుపక్కల ఆసుపత్రులకు కబురు పెడతారు, ఆయాసం ఉన్న పిల్లను ముందుగా పట్టుకుంటారు.

దాచుకోవడం ఎక్కడ మొదలవుతుందో విజయవాడకు తెలుసు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు కాలక్షేపానికి స్నేహితులు, ఇరుగుపొరుగుతో పేకాడితే ఆ ఒక్క చోటు నుంచి 24 మందికి కొవిడ్ వచ్చిందని, కార్మికనగర్‌లో మరో డ్రైవరు నుంచి 15 మందికి వచ్చిందని అప్పటి కలెక్టరే చెప్పారు. ఆ వైరస్ సోకినవాళ్లలో చాలామంది ఎవరికీ అంటించరు, కొద్దిమంది దగ్గర, అదీ ఇలా దగ్గరగా కూర్చుని మాట్లాడుకునే చోట, గుంపుగా పాకుతుంది. నేర్చుకోవాల్సింది అది. జనం నేర్చుకున్నది మాత్రం ఆ మనిషిని తిట్టడం. ఆ తిట్లు విన్న పక్క వీధివాడు దగ్గొస్తే బయటికి చెబుతాడా?

దసరా మాట మిగిలింది. సెలవులు ఇచ్చిన రోజు ఈ హాస్టళ్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ అవుతాయి. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో నిలబడి చూస్తే పల్నాడు, ప్రకాశం, రేపల్లె, బందరు, ఏలూరు అన్ని వైపులా పెట్టెలతో పిల్లలే. అదే వారం ఇంద్రకీలాద్రి క్యూలైన్లు. వారం పది రోజులకు అన్ని ఊళ్ల నుంచీ ఆయాసంతో పెద్దవాళ్లు ఆసుపత్రులకు రావడం మొదలవుతుంది, వాళ్లలో ఎవరూ హాస్టల్ గడప తొక్కి ఉండరు. ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి 2,90,000 నుంచి 6,50,000 మంది ఫ్లూ వల్ల వచ్చే శ్వాస సమస్యలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో పెద్దవాళ్లదే పెద్ద వంతు. కాబట్టి సెలవులకు వారం ముందు నుంచి జ్వరం ఉన్న పిల్లల్ని విడిగా పెట్టగలిగిన కాలేజీ, తనకు తెలియకుండానే చాలా ఊళ్లకు మేలు చేస్తుంది.

అమ్మగారికి ఫ్లూ టీకా ఈ గొడవ సద్దుమణిగాక వేయించండి. ఏటా వేయించాలి, ఎందుకంటే వైరస్ మారుతుంది, టీకా కూడా మారుతుంది. వేశాక రెండు వారాలకు పనిచేయడం మొదలవుతుంది. వైరస్‌తో బాగా సరిపోయిన ఏడు డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినంత జబ్బును 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. నూటికి నూరు కాదు, కానీ ఉబ్బసం, షుగరు ఉన్న మనిషికి అది చిన్న సంగతి కాదు. సర్కారు ఉచిత టీకాల్లో ఇది లేదు, కొనుక్కోవాలి. న్యుమోనియా టీకా గురించి కూడా అప్పుడే అడగండి.

అమ్మాయిని మళ్లీ పంపేది, పారాసిటమాల్ వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాక. అయిదు రోజులు నిండనిస్తే ఇంకా మంచిది. దగ్గు పూర్తిగా తగ్గేదాకా ఆగనక్కర్లేదు, అది రెండు మూడు వారాలు ఉండొచ్చు. కాలేజీ వాళ్లు ఫిట్‌నెస్ రాయించుకు రమ్మంటే మీ పీహెచ్‌సీ డాక్టరు చూసి రాసిస్తారు. నెగెటివ్ రిపోర్టు కావాలంటే మాత్రం, ఫ్లూకు అది అవసరం లేదని వాళ్లకు చెప్పండి, వినకపోతే ఆ డాక్టరుతోనే ఫోన్ చేయించండి.